తుపానుకి బొట్టు పెట్టిన కోడలు

ఆ రోజుల్లో అని మొదలుపెట్టడానికి నాకు హక్కుందో లేదో తెలియదు. నాకింకా ముప్ఫై నిండలేదు. తలలో తెల్ల వెంట్రుక కూడా లేదు (ఒకటి ఉంది గానీ, దాన్ని మా ఆడపడుచు కనిపెట్టింది కాబట్టి నేను లెక్కలోకి తీసుకోను). పైగా నేను చెప్పబోయేది మా పెద్దపాప ఇంకా పాకుతున్నప్పటి సంగతి. అదిప్పుడు పలకా బలపం పట్టుకుని బడికి వెళ్తోంది. మధ్యలో గడిచింది కొద్ది ఏళ్ళే అయినా, తుపాన్ల విషయంలో మాత్రం లోకం పూర్తిగా మారిపోయింది. ఇప్పుడు టీవీలో ఉపగ్రహం తీసిన బొమ్మ చూపిస్తున్నారు. సముద్రం మీద తెల్లగా, సుడి తిరిగి, పెనం మీద గరిటెతో తిప్పిన దోసెలా కనిపిస్తుంది. చూసి, "అమ్మో" అనుకుని, టీవీ కట్టేసి అన్నాలకి లేవచ్చు. ఆ రోజుల్లో తుపానుకి ముఖం లేదు. రేడియోలో ఒకాయన చావుకబురు చెప్పినంత నెమ్మదిగా, ఫలానా చోట కేంద్రీకృతమై ఉంది, ఫలానా దిక్కుగా పయనిస్తోంది అని చెప్పేవాడు. మిగతాదంతా మనమే ఊహించుకోవాలి. ఊహించుకుని భయపడడంలో మా ఊళ్ళో నన్ను మించినవాళ్ళు లేరు. పిల్లలిద్దరూ నిద్రపోయాక, ఈ కాస్త తీరికలో అది తలుచుకుంటే నాకే నవ్వొస్తోంది.

నాది బందరు. అక్కడే బియ్యెస్సీ చదివాను. గాలి కాస్త తూర్పు నుంచి వీస్తే చాలు, పెద్దవాళ్ళు మాటలు ఆపేసి ఆకాశం వంక చూసే ఊరు అది. ఉప్పెన ఎలా వస్తుందో నాకు ఎవరూ వర్ణించి చెప్పక్కర్లేదు. నన్నేమో ఆగిరిపల్లి దాటాక నూజివీడు వెళ్ళే దారిలో, చుట్టూ మామిడితోటలే ఉన్న ఊళ్ళో ఇచ్చారు. పెళ్ళిచూపుల్లో మా నాన్న అడిగిన మొదటి ప్రశ్న, "మీ ఊరికి సముద్రం ఎంత దూరమండీ?" అని. మామయ్యగారు పాపం, పెళ్ళికూతురికి సముద్రస్నానం ఇష్టమేమో అనుకుని, "ఎంతండీ, బస్సెక్కితే పూటలో వెళ్ళి రావచ్చు" అని ఉత్సాహంగా చెప్పారట. ఆ సంబంధం అక్కడితోనే తప్పిపోవాల్సింది.

మెరక ఊరి వాళ్ళకి తుపాను అంటే సముద్రం గుర్తు రాదు, కాయ గుర్తొస్తుంది. గాలి వస్తే కాయ రాలుతుందా, ఎంత రాలుతుంది, అంతే. కాపురానికి వచ్చిన కొత్తల్లో నేను, "గాలివానొస్తే ఈ పెంకుటింట్లో ఎక్కడ దాక్కుంటారు అత్తయ్యా?" అని అడిగితే, ఆవిడ నా వంక వింతగా చూసి, "దాక్కోవడం ఏంటే? బుట్టలు పట్టుకుని తోటలోకి పరిగెత్తుతాం" అన్నారు. పాప పుట్టాక నా భయం రెట్టింపయింది. దాని ఉయ్యాలకి సరిగ్గా పైన రెండు పెంకులు కదులుతున్నట్టు నాకు ఎప్పుడూ అనుమానమే. రోజూ ఉయ్యాల జరిపేదాన్ని. జరిపినచోట ఇంకో రెండు పెంకులు కనిపించేవి. చివరికి మామయ్యగారే ఒకరోజు విసుక్కోకుండా, "అమ్మాయ్, ఈ ఏడు కాయ చేతికి రానియ్యి, నీకూ నా మనవరాలికీ ఒక గది డాబా వేయిస్తాను. పైన పెంకనేది ఉండదు. సరేనా?" అన్నారు.

ఆ మాట వెనక పెద్ద సాహసమే ఉంది. మా వైపు చాలామంది తోటని పూత మీదే వ్యాపారులకి ఇచ్చేస్తారు. అక్కణ్ణించి కాపలా, కోత, లాభం, నష్టం అన్నీ కొన్నవాడివే. మామయ్యగారూ ఏటా అలాగే ఇచ్చేవారు. ఆ ఏడు మాత్రం పూత చూసి ఆశపడి, మొదటిసారి తోట ఎవరికీ ఇవ్వకుండా తనే ఉంచుకున్నారు. "గాలొస్తే?" అని అత్తయ్య అడిగితే, "ప్రతి ఏడూ వస్తుందా ఏంటి?" అన్నారు. ఇంకేముంది, ఏప్రిల్ చివరి ఎండల్లో, కాయ చెట్టుకి వేలాడుతూ ఇంకా టెంక గట్టిపడని సమయంలో, బంగాళాఖాతంలో వాయుగుండం అన్నాడు రేడియో ఆయన. టెంక గట్టిపడకుండా కోసిన కాయ, వరిగడ్డిలో ఎంత మాగవేసినా ముసలమ్మ బుగ్గలా ముడతలు పడుతుంది గానీ పండదు. కొయ్యకపోతే గాలి ఊరుకోదు. కోద్దామా, ఆగుదామా? నా డాబా గది ఆ రెండు మాటల మధ్య ఊగిసలాడుతోంది.

చదువుకున్నదాన్ని కదా, చేతులు కట్టుకుని ఎలా కూర్చోను? పెట్టె అడుగు నుంచి నా హైస్కూలు అట్లాసు తీశాను. ఒక పెద్ద తెల్లకాగితం మీద నెల్లూరు నుంచి ఒరిస్సా దాకా తీరం గీశాను. అక్షాంశాలు, రేఖాంశాలు గళ్ళుగా గీశాను. వసారా గోడకి అన్నం మెతుకులతో అంటించాను. రేడియోలో చెప్పినప్పుడల్లా తుపాను ఎక్కడుందో గుర్తు పెట్టాలి కదా, పెన్సిలు చుక్క మామయ్యగారికి కళ్ళజోడు లేకుండా కనిపించదు. అందుకని నా ఎర్ర స్టిక్కరు బొట్టు ఒకటి తీసి సముద్రంలో అంటించాను. ఎర్రగా, గుండ్రంగా, భలే కుదిరింది.

అత్తయ్య చూసి గుండె మీద చెయ్యి వేసుకున్నారు. "ఓసి నీ చదువు తగలెయ్య! ఊరుకున్నదాన్ని బొట్టు పెట్టి మరీ పిలుస్తున్నావా?"

"పిలవడం కాదత్తయ్యా, ఎక్కడుందో గుర్తు."

"గుర్తు పెట్టాల్సింది దానికి కాదు, నీ నుదుటికి. పొద్దుటి నుంచీ బోసినుదుటితో తిరుగుతున్నావు, చూసుకున్నావా?"

ఇంతలో రేడియో ఆయన, తుపాను నెల్లూరుకీ కళింగపట్నానికీ మధ్య ఎక్కడైనా తీరం దాటవచ్చు అన్నాడు. అత్తయ్య పప్పు ఎనపడం ఆపి, "అంటే మొత్తం మన సముద్రమంతా చెప్పేశాడుగా! ఆ మాటకి రేడియో ఎందుకు, నేనూ చెబుతాను" అన్నారు. నాకు కోపం వచ్చింది గానీ, ఆవిడ మాటలో తప్పు ఎక్కడుందో ఎంత వెతికినా దొరకలేదు.

మా గోడ మీద తుపాను ఉందన్న సంగతి పొద్దు వాలేలోగా ఊరంతా పాకింది. మొదట పక్కింటి పిన్ని వచ్చింది. (మా అత్తయ్యని అక్కయ్యా అంటుంది కాబట్టి నాకు పిన్ని. మా రెండిళ్ళకీ మధ్య నడుమెత్తు గోడ ఒక్కటే అడ్డం. ఆ గోడ కూడా పిన్నికి మోచేతులు ఆనించుకోవడానికే కట్టినట్టుంటుంది.) తర్వాత ఆవిడ చుట్టాలు, ఆ తర్వాత తోటలున్న ప్రతివాళ్ళూ. రేడియో వార్తల వేళకి మా వసారా నిండిపోయేది. నేను పాపని చంకనేసుకుని, నేర్చుకున్న ఇంగ్లీషంతా గొంతులో పెట్టుకుని, "ఇప్పుడు సిస్టం నార్త్ వెస్టుగా మూవ్ అవుతోంది" అనేదాన్ని. బొట్టు కాస్త పైకి, ఒరిస్సా వైపు జరిపితే అందరూ "హమ్మయ్య" అనేవాళ్ళు. మన వైపు జరిపితే, నేనేదో కావాలని జరిపినట్టు నా వంక చూసేవాళ్ళు. "ఇంకొంచెం పైకి పెట్టరాదా అమ్మా, నీ సొమ్మేం పోయింది?" అని ఒక తాతగారు బతిమాలారు కూడా. చర్చి పక్క ఉండే టీచరమ్మగారు ఒక్కరే, "ఒరిస్సాలో మాత్రం మనుషులు లేరా? సముద్రంలోనే అణిగిపోవాలని ప్రార్థన చెయ్యండి" అని అందరినీ మందలించేవారు. ఒక మధ్యాహ్నం గోడ మీద బొట్టు లేదు. నేను బెంబేలెత్తి ఇల్లంతా వెతుకుతుంటే, అత్తయ్య పాపని ఎత్తి చూపించి, "ఇదుగో, నీ తుపాను దీని బొడ్డు మీద కేంద్రీకృతమై ఉంది" అన్నారు.

నవ్వుతున్నారే గానీ అందరి కడుపులోనూ అదే దిగులు. కోద్దామా, ఆగుదామా? ఇక్కడ మా ఊరి పద్ధతి ఒకటి చెప్పాలి. మా ఊళ్ళో కోతకి ఎవరూ ముహూర్తం పెట్టుకోరు, ఎవరూ ఎవరినీ అడగరు. అందరూ అందరి తోటల వంకా ఓరగా చూస్తుంటారు. ఒక తోటలో చెట్టుకి నిచ్చెన ఆనిందంటే చాలు, ఆ తోట ఆసామికి ఏదో తెలిసిందని అర్థం. పక్క తోటలో నిచ్చెన లేస్తుంది, దాని పక్కదాంట్లో లేస్తుంది. ఎందుకంటే చెట్టెక్కి, చిక్కంతో కాయ కింద పడకుండా కోసే జట్టు ఊరంతటికీ ఒక్కటే. ఆ జట్టు మేస్త్రికి ఎవరు ముందు తాంబూలం ఇస్తే వాళ్ళది ముందు. వెనకబడ్డవాడు చెట్టు కింద నిలబడి కాయల్ని చూసుకోవాల్సిందే. ఇక ఆ ఏడు, తుపాను మా గోడ మీదే ఉంది కాబట్టి, ఊరి కళ్ళన్నీ మా తోట మీదే ఉన్నాయి. మామయ్యగారికి అది తెలుసు. "అమ్మాయ్, మన గుమ్మంలో నిచ్చెన కనపడకూడదు. కనపడిందా, ఊరు ఊరంతా పచ్చికాయ కోసేస్తుంది" అని, నిచ్చెనని దొడ్లో గడ్డివాము వెనక పడుకోబెట్టి, పైన గోనెపట్టాలు కప్పారు. అదేదో దొంగసొత్తులాగా.

అంత జాగ్రత్తపడ్డ మనిషి మర్నాడు పొద్దున్నే, మార్కెట్టులో ఏమనుకుంటున్నారో కనుక్కొస్తానని నూజివీడు బస్సెక్కారు. సరిగ్గా ఆవేళే రేడియోలో గరగరలు మొదలయ్యాయి. తుపాను దగ్గరయ్యేకొద్దీ వార్త స్పష్టంగా వినపడాలా, గరగరమని శబ్దం వినపడాలా? "తీవ్ర తుపాను... గరగర... కిలోమీటర్ల... గరగర... జాగ్రత్తగా ఉండవలసినదిగా..." ఇంతే. నా పైప్రాణాలు పైనే పోయాయి. విజయవాడలో ఉద్యోగం చేసే మా వారు శనివారం వచ్చినప్పుడు ఒక రాగితీగ చుట్ట ఇచ్చి, "రేడియో సరిగ్గా రాకపోతే దీన్ని ఎత్తుగా ఏ కొమ్మకైనా కట్టి, రెండో కొస ఏరియల్‌కి చుట్టు" అని చెప్పిపోయారు. ఎత్తుగా అంటే ఏది? ఇంటి వెనక తోట మొదట్లోనే ఉంది మా పెద్ద బంగినపల్లి చెట్టు. రోడ్డు మీద పోయే బస్సుల్లోంచి కూడా కనిపిస్తుంది.

నేను గోనెపట్టాలు తీశాను. నిచ్చెన లాక్కొచ్చి చెట్టుకి ఆనించాను. పైకొమ్మకి చెయ్యి అందదు కాబట్టి, కాయలు కోసే చిక్కం కర్ర కొసకి తీగ తగిలించి పైకి తోయాలని ఆలోచన (బియ్యెస్సీ ఊరికే రాలేదు). చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని ఎక్కాను. కింద అత్తయ్య ఒక చేత్తో పాపని ఎత్తుకుని, ఇంకో చేత్తో నిచ్చెన పట్టుకుని, "పడితే కాలు విరుగుతుంది, విరిగితే నీ మొగుడు నన్నంటాడు, దిగవే తల్లీ!" అని కేకలు. నేను పైన చిక్కం కర్రతో కొమ్మల్లో పొడుస్తూ, "ఇంకొక్కటి అత్తయ్యా, ఇదొక్కటి పైకి పోతే అయిపోయింది!" అని తిరిగి కేకలు. ఆ పొడవడంలో ఒక కాయ తెగి, టప్పున గోడ అవతల పడింది.

గోడ మీద పిన్ని మోచేతులు ప్రత్యక్షమయ్యాయి. ఆవిడ చెట్టునీ, నిచ్చెననీ, చిక్కాన్నీ, నన్నూ ఒక్క చూపులో చూసింది. ఒక్క ముక్క మాట్లాడలేదు. అక్కడే నాకు అనుమానం రావలసింది, పిన్ని మాట్లాడకపోవడం చూసి. మోచేతులు మాయమయ్యాయి. ఆ తర్వాత వాళ్ళ ముందువైపు తలుపు ధడాలున తెరుచుకున్న చప్పుడు.

ఆవిడ ఏమనుకుందో తర్వాత నాకు ఆవిడే చెప్పింది. "మేస్త్రి వచ్చేదాకా కూడా ఆగలేక, చంటిపిల్ల తల్లిని, చదువుకున్న పిల్లని చెట్టెక్కించి కోయిస్తోందంటే మా అక్కయ్య, ఇంక తుపాను ఊరి పొలిమేరలోకి వచ్చేసినట్టేగా!" మధ్యాహ్నం అయ్యేసరికి ఊళ్ళో ప్రతి తోటలోనూ నిచ్చెనలు లేచాయి. బుట్టల వాళ్ళు, బళ్ళ వాళ్ళు, ఎవరి పేరో పెట్టి ఎవరినో పిలిచే కేకలు. బడికి సెలవులు కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే పిల్లల్ని కూడా మధ్యలో లాక్కొచ్చేవాళ్ళే. నేను వీధిలోకి పరిగెత్తి, "ఏరియల్ కోసమండీ! రేడియో ఏరియల్!" అని కనపడ్డ ప్రతివాళ్ళకీ చెప్పాను. ప్రతివాళ్ళూ తలూపి, "అవునవును, ఏరియల్ కోసమే" అని కన్ను గీటి, ఇంకా తొందరగా నడిచారు.

సాయంత్రం మామయ్యగారు బస్సు దిగారు. ఊరంతా జాతరలా ఉంది. ఎదురొచ్చిన మనిషిని ఆపి, "ఏంటయ్యా ఈ హడావుడి?" అన్నారట. ఆయన, "ఏంటని నన్నడుగుతారేంటండీ? మీ కోడలు చెట్టెక్కిందిగా!" అన్నాడు. మామయ్యగారు చేతిసంచీ అక్కడే వదిలేసి ఇంటికి పరుగు. గుమ్మంలోకి వస్తూనే అత్తయ్య మీద విరుచుకుపడ్డారు. "ఏమన్నావే దాన్ని? చెట్టెక్కేంత మాట ఏమన్నావు?"

"నేనేమన్నాను? దిగమన్నాను!"

సంగతి తెలిశాక ఆయన వసారా మెట్టు మీద కూర్చుని చాలాసేపు నవ్వారు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నారు. తర్వాత నవ్వు ఆపేశారు. వీధిలో బళ్ళ మీద బళ్ళు కాయ పోతూనే ఉంది. "ఓరినీ, ఇంతమంది కోస్తున్నారంటే వీళ్ళకి ఏదో తెలిసి ఉంటుందే" అన్నారు. "వాళ్ళకి తెలిసింది మనమే కదా మామయ్యగారూ!" అన్నాను. "అదీ నిజమే" అన్నారు. అని, చెప్పులు కూడా వేసుకోకుండా మేస్త్రి ఇంటికి పరిగెత్తారు. మేస్త్రి చేతులు జోడించి, "మొదటి నిచ్చెన మీదేనంట, మీకు కోత అయిపోయిందనుకున్నానండీ. ఊరంతా తాంబూలాలు ఇచ్చేశారు. ఆళ్ళందరివీ అయ్యాక పొరుగూరోళ్ళకి మాటిచ్చేశాను, ఆ తర్వాతే మీదండి" అన్నాడు. ఆ విధంగా, ఊరందరి చేతా కాయ కోయించిన మా తోటలో కాయ మాత్రం చెట్టు మీదే ఉండిపోయింది.

ఇక అసలు చిత్రం అక్కడ మొదలైంది. నిన్నటిదాకా తుపాను పోవాలని మొక్కుకున్న ఊరు, కాయ కోసేసిన మర్నాటి నుంచి అది రావాలని ఎదురుచూడడం మొదలుపెట్టింది. రాకపోతే పచ్చికాయ అనవసరంగా కోసుకున్నట్టేగా! నోరు తెరిచి ఎవరూ అనలేదు. కానీ రేడియోకి (ఏరియల్ పుణ్యమా అని ఇప్పుడు గంట కొట్టినట్టు పలుకుతోంది) వసారాలో మునుపటికంటే ఎక్కువ జనం. నేను బొట్టు మన వైపు జరిపితే, "ఆఁ" అని తృప్తిగా తలలాడించేవాళ్ళు. ఒరిస్సా వైపు జరిపితే ముఖాలు వేలాడేసేవాళ్ళు. ఆ తాతగారే వచ్చి, "కొంచెం కిందకి పెట్టరాదా అమ్మా?" అన్నారు. ఆకాశం చూస్తే కడిగిన కంచంలా ఉంది. ఆకు కదలడం లేదు. చెమటలు కారుతున్నాయి. ప్రతి ఇంట్లోనూ మంచాల కింద, గాదెల పక్కన, పడమటింట్లో, అంతటా వరిగడ్డి, కాయ. పిన్ని వాళ్ళాయన రాత్రి మంచం దిగి కాలు పెడితే కాయ మీద జారి, మర్నాడంతా నడుం పట్టుకుని తిరిగాడు.

"ఏమ్మా, ఎక్కడిదాకా వచ్చింది?" అని పిన్ని.

"ఉన్నచోటే ఉంది పిన్నీ. నిలకడగా ఉందంట."

"నిలకడగానా? ఏం, అలిసిపోయిందా? వచ్చేది వచ్చేయక ఈ నాన్చుడేంటమ్మా!"

మా ఇంట్లో సంగతి వేరు. మామయ్యగారు పొద్దున్న లేచింది మొదలు తోటలో చెట్టు చెట్టుకీ తిరుగుతూ, కాయని చేత్తో తాకి వచ్చేవారు. అన్నం సరిగ్గా తినలేదు. పూత మీద ఇచ్చేసి ఉంటే ఎవడి దిగులో వాడు పడేవాడు కదా అని ఒకసారి తనలో తను అనుకుంటుంటే విన్నాను. నాకు డాబా గది మీద ఆశ పోయింది. నా మానాన నేను తుపానుకి సిద్ధమయ్యాను. మా బరువైన టేకు మంచం కింద పక్క వేసి, పాప గౌనులు, పాలడబ్బా, గ్రైప్ వాటరు, టార్చిలైటు, నా డిగ్రీ సర్టిఫికెట్ ఒక గుడ్డసంచీలో పెట్టాను. అత్తయ్య సంచీ తెరిచి చూసి, "అన్నీ సరే, సర్టిఫికెట్ ఎందుకే? తుపానుకి చూపించడానికా?" అన్నారు. ఆ మాటకి మామయ్యగారు కూడా నవ్వారు. అన్నాళ్ళలో ఆయన నవ్వడం అదొక్కసారే.

ఆఖరికి ఒక సాయంత్రం తూర్పు నల్లబడింది. గాలి లేచింది. పెద్ద గాలేం కాదు, ఆరేసిన బట్టలు ఎగిరేంత. వీధిలో ఎవరో, "వచ్చింది! వచ్చింది!" అని, చుట్టాలొచ్చినట్టు కేకేశారు. మామయ్యగారు బంగినపల్లి చెట్టు కింద నిలబడిపోయారు. నేను పాపతో మంచం కింద దూరాను. నాలుగు చినుకులు పెంకుల మీద టపటపమన్నాయి. ఒక కాయ రాలిన చప్పుడు. ఇంకొకటి. అంతే. గాలి ఆగిపోయింది. పాపకి మంచం కింద ఆట బాగా నచ్చి, బయటికి రానని ఏడ్చింది. పొద్దున్నే రేడియో ఆయన అదే నెమ్మది గొంతుతో, తుపాను సముద్రంలోనే బలహీనపడింది, ప్రమాదం తొలగిపోయింది అని చెప్పాడు. వసారా నిండా జనం. ఎవరూ "హమ్మయ్య" అనలేదు. టీచరమ్మగారు ఒక్కరే, "దేవుడికి స్తోత్రం" అన్నారు. అందరూ ఆవిడ వంక గుర్రుగా చూశారు.

తర్వాత కథ మీరు ఊహించగలరు. మార్కెట్టు మొత్తం ముడతల కాయతో నిండిపోయి, జనం మొహం మొత్తాక, చెట్టు మీదే ముదిరిన మా కాయ కోతకి వచ్చింది. వ్యాపారులు ఇంటికి వెతుక్కుంటూ వచ్చారు. ఊళ్ళో ఆ ఏడు ప్రతి ఇంట్లోనూ మిగిలిపోయిన పచ్చికాయంతా ఆవకాయ పెట్టారు, మాగాయ పెట్టారు, ఒరుగులు పెట్టారు. ఏ ఇంటికి వెళ్ళినా అన్నంలోకి ఆవకాయ, ఉప్మాలోకి ఆవకాయ. అత్తయ్య మంచి పళ్ళు ఏరి, ఇంటింటికీ బుట్ట పంపారు. పళ్ళు అందరూ తీసుకున్నారు, తిన్నారు. కానీ అది నేనూ మామయ్యగారూ కలిసి వేసిన ఎత్తు అన్న నమ్మకం మాత్రం ఎవరికీ పోలేదు. "కోడల్ని చెట్టెక్కించి ఊరి చేత కాయ కోయించాడు, తను ఆపుకున్నాడు, ఏం బుర్రండీ!" అని మామయ్యగారిని మెచ్చుకున్నారు, తిట్టుకున్నారు. తోటల్లో తిరగడం తప్ప కపటం తెలియని ఆ మనిషి మొదట్లో "కాదండీ బాబూ" అని చెప్పుకునేవారు. కొన్నాళ్ళకి ఊరుకుని, మీసం కింద చిన్నగా నవ్వడం మొదలుపెట్టారు. నాకు తెలిసి, తన మీద పడిన నిందల్లో ఆయనకి అదొక్కటే ఇష్టం.

వానలు పడేలోపు డాబా గది లేచింది. అందులో కాపురం పెట్టిన రోజు ఉయ్యాల ఎక్కడ కట్టాలో తోచలేదు. ఎక్కడ కట్టినా పైన పెంకు లేదు. అలవాటు తప్పి, నాకే ఏదో వెలితిగా అనిపించింది.

ఆ ఏడు చివర్లోనే ఇంకో తుపాను వచ్చింది. ఈసారిది ఉత్తుత్తిది కాదు. పొద్దున్నుంచే గాలి ఈలలు వేస్తోంది, కొబ్బరిమట్టలు ఎగిరి పడుతున్నాయి. మా వారు సెలవు పెట్టి వచ్చేశారు. సాయంత్రం గుమ్మంలో పిన్ని నిలబడింది. ఒక చంకలో చాప, ఇంకో చంకలో మనవడు, తల మీద ఆవకాయ జాడీ. వెనక వాళ్ళింటిల్లిపాదీ. వాళ్ళ వెనక తాతగారు, గొంగడి కప్పుకుని. ఇంకా ఎవరెవరో, దిండ్లూ పిల్లలూ లాంతర్లూ.

"ఏంటి పిన్నీ?" అన్నాను.

"ఏంటంటావేంటే? ఇది ఎవరి కాయతో కట్టిన గది? అందరివీ ముందు కోయించావు కాబట్టే కదా నీ కాయ నిలబడింది. మా వాటా మేం పడుకోవడానికొచ్చాం. జరుగు."

జరిగాను. అత్తయ్య అప్పటికే పెద్ద గిన్నెతో ఎసరు పెట్టేశారు. పిల్లలందర్నీ గోడవారగా వరసగా పడుకోబెట్టాం. మా పాప ఆ వరసలో ఎక్కడుందో నాకే సరిగ్గా కనపడలేదు. బయట పెంకులు లేచి పగులుతున్న చప్పుడు వినిపిస్తోంది, అవి మావో పిన్ని వాళ్ళవో తెలియడం లేదు. లోపల ఆవకాయ వాసన, తాతగారి గురక, పిన్ని కబుర్లు. మామయ్యగారు గడప దగ్గర కూర్చుని, వచ్చినవాళ్ళని లోపలికి పిలుస్తూ, పెళ్ళివారింటి పెద్దలా ఉన్నారు. చాలాసేపటికి గానీ నాకు గుర్తు రాలేదు, నేను ఆవేళ రేడియో పెట్టనేలేదు. ఆ తుపాను ఏ దిక్కు నుంచి వచ్చిందో, ఎక్కడ తీరం దాటిందో నాకు తెలియనే తెలియదు.

అంతకుముందు వేసవిలో గోడ ముందు నిలబడి, బొట్టు ఒక్క గడి తప్పితే పాపకేమవుతుందో అని ఊపిరి బిగబట్టిన ఆ బియ్యెస్సీ పిల్లని ఇప్పుడు తలుచుకుంటే ముచ్చటేస్తుంది. ఎంత భయపడింది, ఎంత గొప్పలు పోయింది! కలిస్తే పక్కన కూర్చోబెట్టుకుని, ఒక గ్లాసు కాఫీ ఇచ్చి, ఏమీ చెప్పకుండా ఆ చంటిపిల్లని కాసేపు ఎత్తుకోవాలనుంది. ఇప్పుడా చంటిది నా వెనక చాప మీద కాళ్ళు బార్లా చాపుకుని, చెల్లెల్ని గోడకి నెట్టేసి నిద్రపోతోంది. కాస్త గాలి లేచినట్టుంది. ఊరికే, ఒక్కసారి లేచి, ఇద్దరికీ దుప్పటి కప్పి వస్తాను.